రోజుకి పదడుగులు

ఆ వీధిలో ఆమెను అందరూ గడ్డి పిన్ని అంటారు. నెత్తిన మోపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. మోపు లేని రోజున ఎదురుపడితే, తలకాయ ఇంట్లో మరిచిపోయి వచ్చావా పిన్నీ అని వేళాకోళం చేస్తారు. ఆమె నవ్వదు, కోప్పడదు. రెండింటికీ ఎంతోకొంత ఓపిక కావాలి కదా. అది ఆమె దగ్గర అయిపోయి చాలా కాలమైంది.

ఆమె మొగుడు అడుగుల బాబాయి. లోకంలో ఉన్న దూరాలన్నీ ఆయన తన పాదాలతో కొలిచి పెట్టుకున్నాడు. ఇంటి నుంచి బేకరీకి రెండు వందల ఎనభై అడుగులు. బేకరీ నుంచి పాల డైరీకి ఆరు వందల నలభై. వాళ్ళ గడ్డి చేను గేటు నుంచి అవతలి గట్టు దాకా నాలుగు వందల పన్నెండు. నాలుగొందలు అనుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, ఆ పన్నెండూ నువ్వొచ్చి నడుస్తావా అని అడిగేవాడు. పెళ్ళైన కొత్తలో పిన్నికి ఇది ముచ్చటగా ఉండేది. తరవాత చిరాకైంది. ఆ తరవాత గోడ గడియారం చప్పుడులాగా చెవికెక్కడం మానేసింది.

చేను పొడుగెక్కువ, వెడల్పు తక్కువ. ఇవతలి చివర గేటు, గేటు పక్కన పశువుల కొట్టం, కొట్టాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. మూడు ఆవులు, ఒక పెయ్య. ఏడాదికి మూడు కోతలు. కోసిన గడ్డిని ఎండబెట్టి సగం వామి వేసుకునేవాళ్ళు, సగం డైరీకి అమ్మేవాళ్ళు. కొట్టం, పాలు, ఇల్లు ఆమెవి. చేను, ఎరువు, కోత ఆయనవి. పని పంపకం పెళ్ళైన నెలలోనే జరిగిపోయింది. ఆ తరవాత ఒకళ్ళ పనిలో ఇంకొకళ్ళు వేలు పెట్టింది లేదు.

పొద్దున్నే ఆమె పాలు పితుకుతుంటే, ఆయన ఒంటి చక్రం బండిలో పేడ నింపుకుని చేలోకి తోసుకుపోయేవాడు. ఆ చక్రం కిర్రుమంటూ పోయేది. గడ్డి బయటికి పంపుతున్నామంటే చేలో సత్తువ బయటికి పంపుతున్నట్టేనని, పోయింది మళ్ళీ పెట్టకపోతే నేల ఊరుకోదని ఆయన అనేవాడు. ఇంట్లో పేడ ఉండగా, బేకరీ పొయ్యిలో కట్టెల బూడిద ఊరికే దొరుకుతుండగా ఎరువు కొట్టుకు పోవడం తెలివితక్కువని ఆయన సిద్ధాంతం. రెండూ కలిపి చల్లితే పేడలో బలం ఆవిరైపోతుందని, ఒక నెల పేడ అయితే ఇంకో నెల బూడిద. డైరీలో ఎవరు దొరికినా కూర్చోబెట్టి ఇదంతా చెప్పేవాడు. వాళ్ళు ఆవలింతలు ఆపుకుంటూ వినేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆయన వామి మీంచి జారిపడ్డాడు. వెన్ను దెబ్బతింది. బరువులెత్తకూడదు, దూరం నడవకూడదు అన్నాడు డాక్టరు. ఇప్పుడాయన చేతికర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి వసారాలో కుర్చీ దాకా నడుస్తాడు. సరిగ్గా పదడుగులు. అది కూడా లెక్కపెట్టుకున్నాడు.

దాంతో ఇంటి పనీ చేను పనీ పిన్ని నెత్తినే పడ్డాయి. ఆమె నెత్తికి అలవాటే అనుకోండి. కొట్టం కడగడం, పాలు పొయ్యడం, కోత, ఎండబెట్టడం, మొగుడికి స్నానం. బేకరీకి పోయి బూడిద తెచ్చే తీరిక లేదు. పేడ తీసి గేటు పక్కనే పోసేది. చేను చివరి దాకా ఎవరు తోస్తారు? మొదటి ఏడాది అరబస్తా యూరియా కొని, నడుం పట్టేసేదాకా చల్లి, అయిందనిపించింది. దీనికి తోడు ఆవుల గోల ఒకటి. సాయంత్రం చేలోంచి వచ్చిన పశువులు కొట్టంలోకి పోవు. వసారా ముందు బాబాయి కుర్చీ చుట్టూ మూగి నిలబడతాయి. ఆయన వాటి మెడలు గోకుతూ ఉంటాడు. అవి హాయిగా కళ్ళు మూసుకుని అక్కడే పేడ వేస్తాయి. మీరెక్కడ కూర్చుంటే అక్కడ నాకు ఊడుపు పని అని ఆమె రోజూ సణిగేది, రోజూ ఊడ్చేది.

ఎరువు మీద అనవసరంగా డబ్బు పెట్టకుండా ఉండాలంటే ముందు మట్టి పరీక్ష చేయించమని డైరీలో ఎవరో చెప్పారు. పరీక్ష ఉచితం. బాబాయి పట్టుబట్టి ఆమెను పంపించాడు. మట్టి ఆఫీసు ఒక ఇరుకు గది. గోడ పొడుగునా రేకు పళ్ళేల్లో రకరకాల మట్టి ఆరబెట్టి ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద మట్టిగడ్డలే పెట్టారు. అక్కడి ఆఫీసరు కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడేసుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు ఆమెకు చెప్పాడు. చేనంతా అటూ ఇటూ వంకరటింకరగా నడిచి పదిహేను చోట్ల జానెడు లోతు మట్టి తీయాలి. అంతా కలిపి అరకిలో తేవాలి. గేటు దగ్గర, గట్టు పక్కన, పేడ పోసిన చోట మాత్రం తీయకూడదు. ఆమె అన్నిటికీ తలూపి, గుడ్డ సంచీ పట్టుకుని వచ్చేసింది.

మట్టి తీసిన రోజు ఆమెకు మోకాలు వాచి ఉంది. పెయ్యకు కడుపు ఉబ్బితే తెల్లారగట్ట నుంచీ దాని వెంట తిరిగింది. పైన తుంపర. పార పట్టుకుని గేటు దగ్గర నిలబడి చేను వంక చూసింది. నాలుగు వందల పన్నెండు అడుగులు, అదీ వంకరటింకరగా. పోయి రావాలి. వచ్చాక వంట చెయ్యాలి.

ఆమె పదిహేను గుంటలూ తవ్వింది. లెక్క తప్పలేదు. కాకపోతే అన్నీ గేటు మూల చుట్టూనే తవ్వింది. మట్టి మట్టే కదా అనుకుంది. ఆ మూల నేల నల్లగా, మెత్తగా ఉండి, పార అక్కర్లేకుండా చేత్తో తీస్తే వచ్చింది. చుట్టూ గడ్డి నడుమెత్తున ముదురాకుపచ్చగా లేచి ఉంది. ఆవులు దాన్ని ముట్టవు. పేడ పడ్డ చోట మొలిచిన పచ్చిగడ్డి వాటికి వాసన. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, అడుసు తొక్కే వేళకు కాలికి ఆ సామెత గుర్తుంటుందా? సంచీ మూతి కట్టి మర్నాడు ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

కాగితం వచ్చిన రోజు బాబాయి దాన్ని మూడుసార్లు చదివాడు. భాస్వరం ఎక్కువ. పొటాషు చాలా ఎక్కువ. ఎరువులేవీ అవసరం లేదు. మూడోసారి పైకి చదివి, కళ్ళు తుడుచుకుని, ముప్పై ఏళ్ళు మోసిన మోత ఊరికే పోలేదన్నాడు. ఆ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ తీసి చూపించేవాడు. పిన్ని దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది ఆ పూటే. ఆ పూట ఆయన మొహం చూసి చెప్పలేకపోయింది. రెండో పూటకు ఇంకా కష్టమైంది. వారం తిరిగేసరికి అది చెప్పే సంగతి కాకుండా దాచే సంగతి అయిపోయింది.

ఆ ఏడాది చేనుకు ఏమీ వెయ్యలేదు. యూరియా లేదు, బూడిద లేదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లలు దుడ్డుల్లా ఉండాలి అంటే కుదురుతుందా? మొదటి కోతకే గడ్డి పల్చబడింది. రెండో కోతకు ఆకుల కొసలు మాడినట్టు ఎండిపోయాయి. మూడో కోత కొడవలికి అందలేదు. వామి వేస్తే ఎప్పటి వామిలో సగం కూడా రాలేదు. నాలుగు పశువులు వేసవి దాటాలంటే అది చాలదు. డైరీకి అమ్మడానికైతే పరక లేదు.

వసారాలో కూర్చుని బాబాయి అంతా చూశాడు. కాగితం దిండు కింద నుంచి తీసి మళ్ళీ చదివాడు. నేలలో అన్నీ ఉన్నాయి, అయినా పండదు. మనిషికి అన్నీ ఉండి కూడా ఒక్కోసారి బతకాలని ఉండదు చూడు, అట్లాగే ఈ నేలకు మనతో విసుగు పుట్టిందన్నాడు. పశువుల్ని అమ్మేద్దామని ఆయనే అన్నాడు. గురువారం వస్తానని బేరగాడు కబురు పెట్టాడు.

ఇక్కడ పిన్ని గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ కబురు వినగానే ఆమెకు ముందు కలిగింది బాధ కాదు. భుజాల మీంచి ఏదో దిగినట్టైంది. సందు చివర లాండ్రీ నడిపే ఆవిడ ఎన్నాళ్ళ నుంచో పిలుస్తోంది. ఫ్యాను కింద కూర్చుని ఇస్త్రీ అయిన బట్టలు మడత పెట్టే పని. కూర్చుని చేసే పని! పెళ్ళైనప్పటి నుంచి ఆమె కూర్చుని చేసింది పాలు పితకడం ఒక్కటే, అదీ గొంతుక్కూర్చుని. ఇప్పుడామె చెయ్యాల్సిందల్లా గురువారం దాకా నోరు మెదపకుండా ఉండటం. పశువులు పోతాయి. గడ్డి మోపు పోతుంది. ఎవరికీ తెలియదు. ఆ మూడు రోజులూ ఆమె తనకు తాను ఇదే చెప్పుకుంది, చెప్పుకుంటూనే రోజూ కంటే శుభ్రంగా కొట్టం కడిగింది.

బుధవారం మధ్యాహ్నం ఆయనకు టీ ఇచ్చి, గేటు ముందు అంతా బురదగా ఉంది, రేపు బేరగాడి వ్యాను రోడ్డు మీదే ఆగితే పశువుల్ని ఎంత దూరం నడిపించాలి అని అడిగింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది. గేటు నుంచి రోడ్డుకు ఎన్ని అడుగులో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి ఆయన.

"ఏమో," అన్నాడు బాబాయి.

ఆమె ఆయన వంక చూసింది. ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. ఆయన చేను వంక కూడా చూడటం లేదు, చేతిలో టీ గ్లాసు వంక చూస్తున్నాడు.

"కాగితం అబద్ధమాడదు. చేను అబద్ధమాడదు," అన్నాడు మళ్ళీ. "ఇంక తప్పు నాదే అయ్యుండాలి. నేను మోసిందంతా ఎటు పోయిందో."

అప్పుడు పిన్నికి లాండ్రీ ఫ్యానూ కుర్చీ గుర్తు రాలేదు. ఈ మనిషి మిగిలిన రోజులన్నీ ఇలా తన మోత దండగైందనుకుంటూ ఈ కుర్చీలో కూర్చుంటాడు, దానికి కారణం తాను. అది ఆమె భరించలేకపోయింది.

"కాగితం అబద్ధమే ఆడింది. నేనే ఆడించాను," అంది. "మట్టి చేలోంచి తియ్యలేదు. ఓపిక లేక గేటు మూల తీశాను. పదిహేను గుంటలూ అక్కడే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. టీ చల్లారిపోయింది. అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననుకుంది.

"మూల మట్టి ఎలా ఉంది?" అని అడిగాడు చివరికి.

"నల్లగా ఉంది. చేత్తో తీస్తే వచ్చేసింది."

"వస్తుంది. ఎందుకు రాదు," అన్నాడు. కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇదిగో, నా నడుం పోయింది వామి మీంచి పడ్డప్పుడు కాదు. అంతకు ఆరేళ్ళ ముందే పోయింది. ఆ ఆరేళ్ళూ నేను బండి తోసుకుని నలభై అడుగులు దాటింది లేదు. గేటు దాటి, మూల తిరిగి, నీకు కనపడని చోట కుమ్మరించి, టైమైందనుకునేదాకా అక్కడే కూర్చుని వచ్చేవాణ్ణి."

"బూడిద కూడానా?"

"బూడిద కూడా."

ఆమెకు ఆ కిర్రు చప్పుడు గుర్తొచ్చింది. ఒకప్పుడు అది గట్టు దాకా పోయి సన్నబడేది. తరవాత తరవాత వాకిట్లోనే ఆగిపోయేది. అప్పుడు తాను చక్రానికి నూనె వేశారు కాబోలనుకుంది. ఆరేళ్ళు అలాగే అనుకుంది.

ఆమెకు కోపం వచ్చింది. అంత కోపం వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది, లోపల ఇంకా అంత ఓపిక మిగిలుందని తెలియదు మరి. నాతో ఒక్క మాట అంటే ఏం పోయిందని గట్టిగా అడిగింది. నొప్పి అని చెప్పుకోవడానికి కూడా పనికిరాని దాన్నా అంది.

"నువ్వు చీకటితో లేచేదానివి," అన్నాడాయన. "నేను నిద్రపోతున్నాననుకుని మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచేదానివి. అలాంటిదానితో నాకు నొప్పిగా ఉందని ఎలా అంటాను?"

తిలా పాపం తలా పిడికెడు. వాళ్ళ విషయంలో పిడికెళ్ళు కాదు, బండ్లకు బండ్లు. ఆయన అలిసిపోయి ఏ మూల పోశాడో, ఆమె అలిసిపోయి ఆ మూలే తవ్వింది. ఇద్దరూ ఒకళ్ళ నుంచి ఒకళ్ళు దాచుకున్నది నడుమెత్తున పచ్చగా మొలిచి గేటు పక్కనే ఉంది. రోజూ దాన్ని ఒరుసుకుంటూ పోయారు, ఇద్దరూ చూడలేదు.

గురువారం బేరగాడు వచ్చాడు. ఆవుల పళ్ళు చూశాడు, పొదుగులు చూశాడు, పెదవి విరిచాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా? బేరగాడికి పశువు కష్టం పట్టదు, పశువు గలవాళ్ళ కష్టం అసలే పట్టదు. మనసు మారిందని పిన్ని చెబితే, వచ్చిన దారి ఖర్చు గురించి గొణుక్కుంటూ పోయాడు.

ఆ మర్నాడు ఆమె చేనంతా వంకరటింకరగా నడిచి పదిహేను చోట్ల మట్టి తీసింది. మోకాలు పట్టేసి మూడుసార్లు కూర్చుంది. రెండో కాగితం వచ్చాక మట్టి ఆఫీసాయన కళ్ళజోడు పెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చేలో పొటాషు అడుగంటింది, గడ్డి కోసి బయటికి పంపితే అన్నిటికంటే ఎక్కువ పోయేది అదే. ఇన్నాళ్ళూ పాత నిల్వ తిని పండింది. మొదటి కాగితంలోది ఎక్కడి మట్టో ఆయన అడగలేదు. ఆమె చెప్పింది. ఆయన నవ్వలేదు, దానికి ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"మీరు కొనాల్సింది పెద్దగా ఏం లేదమ్మా," అన్నాడు. "మీ ఎరువు మీ గేటు దగ్గరే ఉంది. మోసుకుపోవాలి, అంతే."

అంతేనట. మొయ్యడం కంటే కొనడమే చవక కాబోలనుకుంది పిన్ని. ఆయన ఇంకొన్ని సంగతులు చెప్పాడు. గేటు మూల గడ్డిని కోసి ఎండబెడితే వాసన పోతుంది, ఆవులు తింటాయి, ఈ వేసవికి అది ఆసరా. ఈ ఏడాది ఒక్క మోపు కూడా గుమ్మం దాటనివ్వొద్దు. లూసర్ను అనే మేత మొక్క గింజలు గుప్పెడు తెచ్చి మధ్యమధ్య చల్లితే, అది గాలిలోంచే నత్రజని పట్టి నేలకిస్తుంది, యూరియా ఖర్చు తగ్గుతుంది. పశువు తిన్నదాంట్లో ముప్పాతిక మూడొంతులు పేడలోనూ మూత్రంలోనూ తిరిగి నేలకే వస్తుంది, అది కొట్టం గచ్చు మీద పడటం కంటే చేలో పడితే మోత తప్పుతుంది. అన్నిటికీ తలూపింది. ఈసారి నిజంగానే విని తలూపింది.

ఇంటికొచ్చి మొగుడికి అన్నీ ఒప్పజెప్పి, పశువుల్ని గట్టు దగ్గర నిలబెడితే నిలబడతాయా, గడ్డి వేసినా తినేసి మీ కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొస్తాయి అంది. అంటూ వసారా ముందు పేడ ఎత్తుతోంది. బాబాయి ఆ పేడ వంక చూశాడు, ఆవుల వంక చూశాడు.

"అయితే కుర్చీ అక్కడ వెయ్యి," అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"నేనెక్కడ కూర్చుంటే అక్కడే కదా అవి నిలబడేది. గట్టు దగ్గర కూర్చోబెట్టు నన్ను. మర్నాడు పదడుగులు ఇటు జరుపు."

"అంత దూరం మిమ్మల్నెవరు మోస్తారు?"

"పేడ బండి ఉందిగా."

అలా మొదలైంది. ఎండాకాలం మొదట్లో ఓ మధ్యాహ్నం పిన్ని పేడ బండి కడిగి, అందులో ఎండుగడ్డి మోపు పరిచి, మోపు మీద మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఆయన ఒళ్ళో గేటు మూల మట్టి ఒక తట్ట. దాంట్లో లూసర్ను గింజలు కలిపి ఉన్నాయి. కుర్చీ ముందే తీసుకుపోయి గట్టు దగ్గర పెట్టి వచ్చింది. బండి తోస్తుంటే వెనక ఆవులు వరసగా నడిచాయి. గడ్డి కోసం కొంత, ఆయన కోసం కొంత. కంచె అవతలి నుంచి లాండ్రీ ఆవిడ చూసి, ఎక్కడికే ఊరేగింపు అని అడిగింది. ఎరువు తోలుతున్నాను అంది పిన్ని.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ గడ్డి పరిచింది. ఆవులు మేస్తూ, మధ్యలో ఆయన చేతి కిందికి మెడలు చాపుతూ అక్కడే సాయంత్రం దాకా ఉన్నాయి. ఆయన కూర్చున్న చోటు నుంచే తట్టలో మట్టి గుప్పెడు గుప్పెడు చుట్టూ విసిరాడు. తొక్కుడుకు పాడైన గడ్డిని కూడా ఎత్తొద్దన్నాడు, అదీ కుళ్ళి ఎరువవుతుందని. చీకటి పడకముందే మళ్ళీ బండి, మళ్ళీ ఇల్లు.

మొదటి రోజు ఇంటికొచ్చి ఆమె మంచం మీద పడితే లేవలేకపోయింది. ఇది నా వల్ల కాదంది. అప్పుడు ఆయన పక్క గదిలోంచి చెప్పాడు, రేపు నాలుగు వందల రెండే అని. ఆమె విసుగ్గా కళ్ళు మూసుకుంది గానీ, ఆ మాట మనసులో పడింది. పని అనేది రోజురోజుకీ తగ్గడం ఆమె బతుకులో అదే మొదటిసారి. మర్నాడు నాలుగు వందల రెండు. ఆ మర్నాడు మూడు వందల తొంభై రెండు. పదిహేను రోజులకు, బండి తోస్తూ ఆమె కూడా లోపల్లోపల లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మధ్యలో ఆయనకు జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. ఆమె పశువులకు కొట్టంలోనే మేత వేసి ఆయన తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. నాలుగో రోజు లేచాక, ముప్పై అడుగులు వదిలేసి ముందుకు జరుపు, రోజులు ఆగవు కదా అన్నాడు. నలభై రోజులు దాటేసరికి కుర్చీ గేటు దగ్గరికి వచ్చేసింది. వానలకు ముందు బేకరీ నుంచి ఊరికే దొరికే బూడిద తెచ్చి చల్లింది. అంతా ఒకేసారి చల్లలేదు, పేడ ఎండిన చోట్ల మొదట, మిగతా చోట్ల తరవాత. రోజూ పెట్టేదాంట్లో సగమే గడ్డి పెట్టి, గేటు మూల గడ్డి కలిపి, ఎలాగోలా నాలుగు పశువులూ వేసవి దాటాయి. బక్కచిక్కి దాటాయి, కానీ దాటాయి.

వానలు పడ్డ మూడో వారం. బాబాయి వసారాలోంచి పిలిచి చేను చూడమన్నాడు. చేను మధ్యగా, గట్టు నుంచి గేటు దాకా, గుండ్రంగా గుండ్రంగా ముదురాకుపచ్చ మడుగులు వరసగా ఉన్నాయి. కుర్చీ ఏ రోజు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించొచ్చు. మడుగుల మధ్య లూసర్ను చిన్నచిన్న ఆకులు వేస్తోంది. మడుగుల అంచులు ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. కలవనిది ఒక్క చోటే. చేను నడిమధ్య ముప్పై అడుగుల మేర గడ్డి ఎప్పటిలా పల్చగా, పాలిపోయి ఉంది.

"జ్వరం," అన్నాడు బాబాయి.

ఆమె ఆ చోటు వంక చూస్తూ నిలబడింది. ఆ మూడు రోజులూ ఆయన పోతాడేమోనని భయపడింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడది చేలో అందరికీ కనిపించేటట్టు పచ్చగా లేకుండా మిగిలిపోయింది. ఈయన లేని రోజున చేనంతా ఇలాగే ఉంటుందని ఆమెకు అనిపించింది. అది పైకి అనలేదు. పైకి, మొదటి కోత అయ్యాక చూద్దాంలెండి అంది.

మొదటి కోతకు వామి ఎప్పటి వామికి ముప్పావు వంతు వచ్చింది. కోసిన మర్నాడు మధ్యాహ్నం ఆమె బండి కడగబోతే ఆయన వద్దన్నాడు. ముసురుకు ఆయన వెన్ను పట్టేసింది, బండిలో కుదుపుకు తట్టుకోలేనన్నాడు. ఆమె సరేనని కొట్టంలోకి పోయి పార తీసింది. కాసేపు పార పట్టుకుని నిలబడి, దాన్ని మళ్ళీ గోడకు ఆనించింది. వసారాలో అదనంగా ఉన్న కుర్చీ తీసి, గడ్డి మోపు మీద బోర్లించి, రెండూ నెత్తిన పెట్టుకుని చేలోకి నడిచింది. ఆవులు మోపు వెంట వచ్చాయి.

పాలిపోయిన చోట కుర్చీ వేసి, చుట్టూ గడ్డి పరిచి, పక్కన నిలబడింది. ఆవులు రెండు నోళ్ళు మేసి, మెడలెత్తి ఇంటి వైపు చూశాయి. పెద్దది అటు రెండడుగులు వేసింది కూడా.

"ఇదిగో, నిలబడితే ఉండవవి," అని ఇంటి దగ్గర్నుంచి బాబాయి కేకేశాడు. "కూర్చో."

ఆమె చుట్టూ చూసింది. మిట్టమధ్యాహ్నం, చెయ్యాల్సిన పనులు ఇంట్లో గుట్టగా ఉన్నాయి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, గడ్డి పిన్ని చేలో కుర్చీ వేసుకు కూర్చుందని? ముందు అంచున కూర్చుంది. తరవాత వెనక్కి ఆనుకుంది. మోకాళ్ళలోంచి నొప్పి మెల్లగా కిందికి దిగడం తెలిసింది. పెద్దావు వెనక్కి తిరిగి వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టింది. ఆమె దాని మెడ గోకడం మొదలుపెట్టింది. కాసేపటికి మిగతావి కూడా వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

ఇంటి దగ్గర్నుంచి ఆయన మళ్ళీ ఏదో అరిచాడు. రేపు పదడుగులు ఇటు అన్నాడేమో. ఆమె చెయ్యెత్తి సరేనంది, లేవలేదు.